లేబర్ రూమ్‌లో నర్సు ‘ఆగండి’ అంటే ఆగాలి: తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, శాఖ ఉన్నతాధికారులకు, ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు నమస్కారం.

నేను ప్రభుత్వాసుపత్రి లేబర్ రూమ్‌లో పనిచేసే నర్సును. జీతాల గురించో ప్రమోషన్ల గురించో ఈ లేఖ రాయడం లేదు, వాటికి మా సంఘాలున్నాయి. కాన్పుకు వచ్చేవాళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కు వచ్చేవాళ్లు, కడుపు తీయించుకోవడానికి భయం భయంగా వచ్చేవాళ్లు, ఒంటి మీద దెబ్బలు చీర కొంగుతో కప్పుకుని వచ్చేవాళ్లు, వీళ్ల ప్రాణం గురించి రాస్తున్నాను. డాక్టరు గారు వస్తారు, చూస్తారు, ఆర్డర్ రాసి ఇంకో కేసుకు పరిగెత్తుతారు. వాళ్లకూ ఊపిరి సలపదు. నొప్పులు మొదలైన దగ్గర్నుంచి బిడ్డను రొమ్ముకు పట్టించే దాకా పక్కన ఉండేది మాత్రం నర్సే. ముందుగా తేడా కనిపించేది కూడా ఆమెకే. కానీ కనిపించింది చెప్పడానికి, చెప్పింది జరిపించడానికి ఆమెకు ఎంత అధికారం ఇచ్చాం? ఈ లేఖంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

మన రాష్ట్రం చేసింది తక్కువేం కాదు. 2018-20 లెక్కల్లో దేశం మొత్తం మీద లక్ష సజీవ జననాలకు 97 మంది తల్లులు చనిపోతే తెలంగాణలో ఆ సంఖ్య 43. ఆశా అక్కలు ఇంటింటికీ తిరిగారు, ఏఎన్ఎంలు నెల నెలా బీపీలు చూశారు, 102 బండ్లు తండాల దాకా వెళ్లాయి. ఇప్పుడు మిగిలిన మరణాలు చాలావరకు ఆసుపత్రి గడప దాటి లోపలికి వచ్చాక జరిగేవి, లేదా ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తిప్పుతుండగా దారిలో జరిగేవి. కాబట్టి ఇక మీదట పని ఎక్కువగా ఉన్నది లేబర్ రూమ్ నాలుగు గోడల మధ్యే.

ఆ గోడల మధ్య ఏం జరగాలో రాసిపెట్టి ఉంది. గర్భసంచి ముఖద్వారం నాలుగు సెంటీమీటర్లు తెరుచుకుని నొప్పులు నిలకడగా వస్తుంటే పార్టోగ్రాఫ్, అంటే కాన్పు ఎలా సాగుతోందో చుక్కలు పెట్టి చూపే చార్టు, మొదలుపెట్టాలి. అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు, తల్లి నాడి, పది నిమిషాల్లో ఎన్ని నొప్పులు వస్తున్నాయన్న లెక్క. నాలుగు గంటలకోసారి బీపీ, లోపలి పరీక్ష. కాగితం మీద రెండు ఏటవాలు గీతలుంటాయి. కాన్పు గీత మొదటిదాన్ని దాటితే జాగ్రత్తపడాలి, రెండోదాన్ని తాకితే ఏదో ఒకటి చేసి తీరాలి. ఒక నర్సు చేతిలో ఒకరో ఇద్దరో తల్లులుంటే ఆ చుక్కలు కాన్పుతో పాటే పడతాయి. ఐదారుగురుంటే ఏమవుతుందో శాఖలో ప్రతి ఒక్కరికీ తెలుసు. కాన్పు అయిపోయాక, కేస్ షీట్ మూసే ముందు, చుక్కలన్నీ ఒకే పెన్నుతో ఒకేసారి పడతాయి. ఆ చార్టు తనిఖీకి వచ్చినవాళ్ల కంటికి ఇంపుగానే ఉంటుంది, ఆ తల్లికి మాత్రం ఎందుకూ కొరగాదు. తనిఖీలకు వచ్చే అధికారులకు నా మనవి ఒక్కటే. పూర్తయిన చార్టులు అడగకండి, అప్పుడు బల్ల మీద నొప్పులు పడుతున్న అమ్మ చార్టు అడగండి.

రెండో సంగతి బదిలీలు. ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే విషయం కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను.

2017లో మన రాష్ట్రం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో మిడ్‌వైఫరీ శిక్షణ, అంటే సహజ కాన్పులు చూసుకునేలా నర్సులకిచ్చే ప్రత్యేక శిక్షణ, మొదలుపెట్టింది. ఆ మరుసటి ఏడాది డిసెంబరులో కేంద్రం దేశం మొత్తానికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. అంటే ఈ దారిలో తెలంగాణ దేశం కన్నా ముందు నడిచింది. పద్దెనిమిది నెలల శిక్షణ అది. నొప్పులు పడే అమ్మను మంచానికి కట్టేసినట్టు వెల్లకిలా పడుకోబెట్టకుండా నడిపించడం, బంతి మీద కూర్చోబెట్టడం, నడుము రుద్దడం, అవసరం లేని చోట కత్తిగాటు పెట్టకపోవడం, అవసరం వచ్చిన క్షణంలో ఆలస్యం లేకుండా డాక్టర్ను పిలవడం. ఈ చివరిది అన్నిటికన్నా కష్టమైన విద్య. సహజంగా జరిగే కాన్పును జరగనివ్వాలంటే అది ఎక్కడ దారి తప్పుతుందో పసిగట్టే కన్నుండాలి. అది క్లాసుల్లో రాదు, రాత్రిళ్లు రాత్రిళ్లు తల్లుల పక్కన కూర్చుంటేనే వస్తుంది.

ఇంత చదివి, ఇంత అలవాటు చేసుకున్న అమ్మాయిని ఏం చేస్తున్నాం? రోస్టర్‌లో ఆమె వంతు రాగానే ఎమర్జెన్సీకో, డయాలసిస్‌కో, ఓపీ రిజిస్టర్ దగ్గరికో పంపిస్తున్నాం. ఆమె స్థానంలోకి వచ్చేది ఆర్థో వార్డు నుంచి మొన్ననే మారిన ఇంకో నర్సు. ఆమె తప్పు ఏమీ లేదు, ఆమెకు ఎముకల వార్డు పని బాగా తెలుసు. కాన్పు తర్వాత గర్భసంచి గట్టిపడిందా, మెత్తగా పిండిముద్దలా ఉందా అన్నది చేత్తో తాకి చెప్పడం ఆమెకు ఒక్క రోజులో ఎలా వస్తుంది? లేబర్ రూమ్ సిబ్బందిని తిప్పకూడదని లేబర్ రూముల నాణ్యత పెంచడానికి 2017లో కేంద్రం తెచ్చిన ‘లక్ష్య’ కార్యక్రమం మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆ సర్టిఫికెట్ కోసం గోడలకు రంగులు వేస్తున్నాం, పోస్టర్లు అతికిస్తున్నాం. మనుషుల్ని మాత్రం కదిలిస్తూనే ఉన్నాం.

మిడ్‌వైఫ్‌లు ఉన్న చోట అనవసరమైన సిజేరియన్లు తగ్గుతాయని మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటులో 81.5. దేశం సగటు 21.5. ముహూర్తం చూసుకుని కోయించుకునేవాళ్లున్న మాట నిజమే, నొప్పులంటే భయపడి అడిగేవాళ్లూ ఉన్నారు. ‘సిస్టర్, మా బిడ్డ గోస చూడలేకపోతున్నం, ఆపరేషన్ జెయ్యమని సారుకు చెప్పుండ్రి’ అని తల్లులు మా చేతులు పట్టుకుంటారు. అప్పుడు ఎవరో ఒకరు పక్కన కూర్చుని, ‘అన్నీ బాగున్నయమ్మా, బిడ్డ గుండె మంచిగ కొట్టుకుంటున్నది, ఇగో నువ్వే విను’ అని డాప్లర్ పెట్టి వినిపిస్తే సగం టెన్షన్ అక్కడే దిగిపోతుంది. వినిపించడానికి పట్టేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు ఉన్న నర్సు కావాలి.

కాన్పు గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని రానివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. చాలా చోట్ల అమలు కావడం లేదు. కారణం అడిగితే తెర లేదంటారు. రెండు బల్లల మధ్య ఒక తెర గుడ్డ. దాని కోసం తల్లి ఒంటరిగా అరుస్తోంది. మా లేబర్ రూముల్లో కసరడం, ‘అప్పుడు తెల్వదా’ లాంటి మాటలు అనడం, తొడ మీద చరవడం జరుగుతున్నాయి. నర్సునై ఉండి ఈ మాట రాయడం కష్టంగానే ఉంది, కానీ రాయకపోతే ఈ లేఖకు అర్థం లేదు. అమ్మ పక్కన ఆమె మనిషి ఒకరుంటే అలాంటి మాటలు వాటంతటవే తగ్గుతాయి.

ఇక ఇంజక్షన్ల సంగతి. తీవ్రమైన బీపీతో ఫిట్స్ వచ్చిన గర్భిణికి, పెద్దాసుపత్రికి పంపేలోగా మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు, ఒక్కో పిరుదుకు ఐదు గ్రాముల చొప్పున, ఏఎన్ఎం గానీ స్టాఫ్ నర్సు గానీ ఇవ్వవచ్చని కేంద్రం నిబంధనల్లో ఎప్పుడో రాసింది. అయినా పీహెచ్‌సీల్లో చాలామంది చేయి వణుకుతుంది. ఏమన్నా అయితే ‘నీకెవరు చెప్పిండ్రు ఇయ్యమని’ అని ముందుగా అడిగేది తననేనని తెలుసు. సూది ఇవ్వకుండా బండి ఎక్కిస్తే ఎవరూ ఏమీ అనరు, దారిలో పోయిన ప్రాణానికి సంజాయిషీ అడిగేవాళ్లుండరు. ఈ లెక్క తిరగబడాలి. నిబంధన ప్రకారం డోసు ఇచ్చిన నర్సుకు శాఖ అండగా ఉంటుందని రాతపూర్వకంగా చెప్పండి. ఇవ్వకుండా పంపిన కేసు మీద సమీక్ష పెట్టండి.

కాన్పు తర్వాత రక్తస్రావం విషయంలో కూడా అంతే. బిడ్డ బయటికి వచ్చిన నిమిషంలోపు గర్భసంచిని గట్టిపరిచే ఆక్సిటోసిన్ పది యూనిట్లు కండకు ఇవ్వడం ఇప్పుడు దాదాపు అందరికీ అలవాటైంది. అది ఫ్రిజ్‌లో ఉండాల్సిన మందు. ఎండాకాలంలో కిటికీ పక్క ట్రేలో పెడితే ఆంపుల్ చూడ్డానికి అలాగే ఉంటుంది, లోపల బలం పోతుంది. లేబర్ రూమ్‌కు సొంత ఫ్రిజ్ లేని చోట వెంటనే ఇప్పించండి. అంతకన్నా ముఖ్యమైనది, పోయిన రక్తాన్ని కొలవడం. కంటితో చూసి అంచనా వేస్తే ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా తక్కువే చెబుతారు. గుడ్డలు పీల్చుకున్నది, బల్ల కిందికి కారింది ఎవరి లెక్కలోకీ రాదు. నడుము కింద పరిచే, గీతలున్న ప్లాస్టిక్ సంచి ఒకటి ఉంటుంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా ఆసుపత్రుల్లో ఆ సంచితో రక్తాన్ని కొలిచి, గీత దాటగానే చేయాల్సిన చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెట్టించారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయని 2023లో తేలింది. ఆ గదుల్లో ఆ పని చేసింది ఎక్కువగా నర్సులు, మిడ్‌వైఫ్‌లే. మన కొనుగోళ్ల జాబితాలో ఆ సంచి చేరాలి.

ఇప్పుడు ఈ లేఖకు పెట్టిన పేరు దగ్గరికి వస్తాను.

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ఆసుపత్రిలో ఒకే రోజు 34 మంది ఆడవాళ్లకు డీపీఎల్ పద్ధతిలో, అంటే చిన్న గాటులోంచి లాప్రోస్కోపు అనే గొట్టం పరికరం పెట్టి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఇన్ఫెక్షన్ సోకి నలుగురు చనిపోయారు. నలుగురూ చిన్నపిల్లల తల్లులు. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక క్యాంపులో ఒకే డాక్టరు 83 మందికి గంటల వ్యవధిలో చేసి, 13 మంది ప్రాణాలు పోయాక దేశమంతా గగ్గోలు పెట్టింది. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మూడేళ్లలో ఈ క్యాంపులు ఆపేయాలని ఆదేశించింది. ఇబ్రహీంపట్నం ఆ గడువు దాటాక జరిగింది.

ఆపరేషన్ థియేటర్లో నర్సు నిలబడే చోటు నుంచి ఒకసారి చూడండి. ఒకరి కడుపులోంచి తీసిన లాప్రోస్కోపును కడిగి, క్రిములను చంపే గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో ఇరవై నిమిషాలు పూర్తిగా ముంచి ఉంచాలి. తర్వాత స్టెరైల్ నీళ్లలో కడగాలి. అప్పుడే ఇంకొకరికి వాడాలి. ఎక్కడైనా సరే, ఒకే స్కోపుతో 34 మందికి చేయాలంటే నానబెట్టడానికే పదకొండు గంటలు దాటుతుంది. స్కోపులు పెరిగితే వేగం పెరుగుతుంది, ఇరవై నిమిషాలు మాత్రం తగ్గవు. బయట వరండాలో పొద్దుట్నుంచి ఏమీ తినకుండా ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉంటారు. టార్గెట్ ఉంటుంది, సారుకు సాయంత్రం ఇంకో ఊళ్లో పని ఉంటుంది. ట్రే దగ్గర గడియారం చూస్తున్నది నర్సు. ‘సార్, ఇంకా పన్నెండు నిమిషాలే అయింది’ అని చెప్పాల్సింది ఆమె. ఆమె ఆ మాట అంటే థియేటర్ ఆగుతుందా? ఆగదని ఆమెకు తెలుసు. ఆ నర్సు అవుట్‌సోర్సింగ్ మనిషి అయితే నోరు కూడా తెరవదు. ఏజెన్సీకి ఒక్క ఫోన్ వెళ్తే రేపటి నుంచి డ్యూటీ ఉండదు. అంతా అయ్యాక చర్యలు తీసుకునేటప్పుడు మాత్రం పేర్లలో నర్సులు తప్పకుండా ఉంటారు. ఇబ్రహీంపట్నం తర్వాత కూడా ఉన్నారు. బాధ్యత మోపడానికి ముందు అధికారం ఇవ్వాలి కదా.

అందుకే అడుగుతున్నాను. పరికరాల శుభ్రత, రోగి సమ్మతి, బీపీ, హిమోగ్లోబిన్, వీటిలో ఏది సరిగా లేకపోయినా ఆపరేషన్‌ను నిలిపివేయించే హక్కు థియేటర్ నర్సుకు ఇవ్వండి. ఆమె కారణం రాసి సంతకం పెడితే, ఆ కారణం తీరేదాకా మొదలుపెట్టకూడదు. అలా ఆపినందుకు ఆమె మీద చర్య ఉండకూడదు. పర్మనెంటా, కాంట్రాక్టా, అవుట్‌సోర్సింగా అన్న తేడా అక్కడ పనికిరాదు.

సమ్మతి అన్నాను కాబట్టి ఒక మాట. పైన చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లైన ఆడవాళ్లలో నూటికి 61.9 మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. ఆంధ్రప్రదేశ్‌లో 69.6. మగవాళ్లకు చేసే వేసెక్టమీ ఇంతకన్నా చిన్నది, ప్రమాదం తక్కువది, అయినా బల్ల ఎక్కేది ఆడదే. నిబంధనల ప్రకారం ఆమెకు 22 ఏళ్లు నిండాలి. భర్త సంతకం అక్కర్లేదు, కావాల్సింది ఆమె సంతకం. ఆ సంతకం ఎప్పుడు తీసుకుంటున్నాం? నొప్పుల మధ్యలో, లేకపోతే సిజేరియన్‌కు తీసుకెళ్తూ ట్రాలీ మీద. ‘రెండో కాన్పే కదా, పనిలో పని’ అని అత్తగారు చెబితే వేలిముద్ర పడిపోతుంది. కాన్పైన 48 గంటల్లోపు కాపర్‌టీ వేయించుకోవచ్చని, మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజక్షన్ ఉందని, ఛాయ మాత్రలున్నాయని ఆమెకు ఏడో నెలలోనే చెప్పి ఉండాలి. చెప్పగలిగేది ఏఎన్ఎం, నర్సు. వాళ్లను ఆపరేషన్ల సంఖ్యతో కాకుండా, ఎంతమందికి అన్ని పద్ధతులూ వివరించారో దాంతో లెక్కించండి.

నర్సుకు మాత్రమే తెలిసే సంగతులు ఇంకొన్ని ఉంటాయి. కడుపుతో ఉన్నామె చేతి మీద గాజు గుచ్చుకున్న గాట్లు, వీపు మీద కమిలిన మచ్చ. ‘బాత్రూంల జారి పడ్డ’ అంటుంది, పక్కన అత్త నిలబడి ఉంటుంది. ఒక తలుపున్న గది, ఐదు నిమిషాల ఏకాంతం ఉంటే ఆమె ఇంకో మాట చెబుతుంది. అప్పుడు హింస పాలైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం సంగతి, మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు సంగతి మేం చెప్పగలం. బరువు చూస్తామన్న సాకుతో అత్తను బయట కూర్చోబెట్టడం మాకు అలవాటే. కానీ చాలా ఓపీల్లో ఆ గదే లేదు.

పద్దెనిమిది నిండని పిల్లలు కడుపుతో వస్తారు. మన దగ్గర 20-24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 23.5 మందికి పద్దెనిమిది దాటకముందే పెళ్లైందని ఆ సర్వేనే చెప్పింది. పోలీసులకు చెబుతారన్న భయంతో వాళ్లను నాటువైద్యుల దగ్గరికి, మందుల షాపుల దగ్గరికి తీసుకెళ్తున్నారు. గర్భం తీయించుకోవడానికి వచ్చిన మైనరు, ఆమె తరఫువాళ్లు కోరితే, పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద పోలీసులకు సమాచారం ఇచ్చేటప్పుడు ఆమె పేరు, వివరాలు వెల్లడించక్కర్లేదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కొన్ని పరిస్థితుల్లో 24 వారాల దాకా గర్భం తీయించుకోవచ్చన్న నిబంధన పెళ్లి కానివాళ్లకూ వర్తిస్తుందని చెప్పింది కూడా ఆ తీర్పే. ఇది మా వార్డుల దాకా రాలేదు. తెలుగులో ఒక్క పేజీ రాసి ప్రతి నర్సింగ్ స్టేషన్‌లో అతికించండి. పెళ్లైందా, ఎవరితో వచ్చావ్ అని వరండాలో అందరి ముందూ గట్టిగా అడగడం ఆ పేజీతోనైనా ఆగాలి.

మా భద్రత గురించి ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాను. రాత్రి డ్యూటీలో లోపల గడియ పడే విశ్రాంతి గది, మెట్ల దగ్గర వెలుగు, పిలిస్తే వచ్చే సెక్యూరిటీ గార్డు. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న యువ డాక్టరుపై అత్యాచారం, హత్య జరిగాక మన దగ్గరా తనిఖీలు జరిగాయి. గడియలు బిగించారా లేదా అన్నది ఇంకోసారి చూడండి.

ఈ లేఖకు నాకు ప్రత్యేకంగా జవాబు అక్కర్లేదు. వచ్చే బదిలీల కౌన్సెలింగ్‌కు ముందు శాఖ నుంచి ఒక సర్క్యులర్ రావాలి. మిడ్‌వైఫరీ శిక్షణ పొందిన నర్సులను, లేబర్ రూమ్‌లో కుదురుకున్న నర్సులను వాళ్ల రాతపూర్వక అంగీకారం లేకుండా వేరే వార్డుకు మార్చకూడదని అందులో ఉండాలి. ఆపరేషన్‌ను ఆపే హక్కు గురించి పైన అడిగింది కూడా అందులోనే ఉండాలి. కింద సంబంధిత అధికారి సంతకం, అమల్లోకి వచ్చే తేదీ వేయండి. ఆ కాగితం మా నర్సింగ్ సూపరింటెండెంట్ల చేతికి అందిన రోజు నుంచి మిగతాది మేం చూసుకుంటాం.

ఇట్లు,
ఒక నర్సింగ్ ఆఫీసర్,
లేబర్ రూమ్, ప్రభుత్వాసుపత్రి